బిందెలో నీళ్ళు సరే, ఎసట్లో నీళ్ళ సంగతేంది?

ఫ్లోరైడ్ పోయిందని సర్కారు చెప్పింది. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ నిలబెట్టారు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధానమంత్రి చేత నల్లా తిప్పించారు. 2020 నాటికి తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసం ఒక్కటి కూడా మిగల్లేదని ఢిల్లీ లెక్కల్లోకి ఎక్కించారు. మిషన్ భగీరథ వల్ల నల్లగొండ పల్లెలకు కృష్ణ నీళ్ళు వచ్చినయ్, ఆ మాట కాదనం. తరాల తరబడి కాళ్ళు వంకర్లు పోయిన జనం కొట్లాడి తెచ్చుకున్న నీళ్ళవి, ఏ పార్టీ పెట్టిన భిక్ష కాదు. అయితే కాగితం మీద సున్నా పడినంత మాత్రాన గిన్నెలో సున్నా పడదు. పైపు రాని రోజున, వచ్చినా మన వాడ చివరిదాకా ఎక్కని రోజున, ఎసట్లో ఏ నీళ్ళు పోస్తున్నాం? అంగన్‌వాడీ పొయ్యి మీద ఏ నీళ్ళు మరుగుతున్నయ్? చంటిపిల్లకు కలిపే జావలో ఏ నీళ్ళు కలుస్తున్నయ్? ఈ సంచికలో ఆ సంగతే మాట్లాడదలచుకున్నాం.

మన ఉద్యమాలు కూడా ఇన్నేండ్లూ 'తాగునీళ్ళు' అనే మాట మీదనే నడిచినయ్. ధర్నాలో బోర్డు రాసినా, ఎమ్మార్వోకు దరఖాస్తు పెట్టినా 'తాగునీళ్ళు ఇవ్వండి' అనే రాసినం. దాంతో ఫ్లోరైడ్ అంటే గ్లాసుతో తాగే నీళ్ళలోనే ఉంటదనే భావం జనంలో పాతుకుపోయింది. ఊళ్ళో ఎవరినన్నా అడగండి. 'మేం బోరునీళ్ళు తాగుతలేం సారూ, క్యాను తెచ్చుకుంటున్నం' అంటారు. నిజమే. క్యాను తాగడానికి. మరి అన్నానికి? పప్పుకు? చాయ్‌కి? 'దానికి బోరింగు నీళ్ళే. మరుగుతయ్ గదా, ఏం కాదు.'

ఇక్కడే దెబ్బ తింటున్నాం. నీళ్ళను మరగబెడితే పురుగు చస్తుంది, ఫ్లోరైడ్ చావదు. అది ఉప్పులాంటి పదార్థం. నీళ్ళు ఆవిరై పోతాయి, అది గిన్నెలోనే ఉండిపోతుంది. చారు ఎంత మరిగితే అంత చిక్కబడుతుంది, దానితోపాటు ఫ్లోరైడ్ కూడా చిక్కబడుతుంది. రుచి లేదు, రంగు లేదు, వాసన లేదు. డాక్టరు కాచి తాగమన్నది విరేచనాలు రాకుండా. ఆ సలహా ఈ విషానికి పనిచెయ్యదని మన ఇళ్ళల్లో ఒక్కొక్కరికి కూర్చోబెట్టి చెప్పాల్సిన పని ఇంకా మిగిలే ఉంది.

పెద్దమనిషి, ఎండలో పనిచేసేవాడు, రోజుకు మూడు నాలుగు లీటర్ల నీళ్ళు తాగుతాడు. అతని ఒంట్లోకి పోయే ఫ్లోరైడ్‌లో ఎక్కువ భాగం తాగే నీళ్ళ నుంచే. ఏడాదిన్నర, రెండేండ్ల పిల్లల సంగతి వేరు. వాళ్ళు తాగే నీళ్ళు తక్కువ. వాళ్ళు తినేది మాత్రం సగానికి సగం నీళ్ళే. మెత్తగా ఉడికించిన అన్నం, పప్పుకట్టు, చారు, గంజి, జావ, చాయ్‌లో ముంచిన బన్ను. అందుకని పెద్దలకు క్యాను తెచ్చి, పిల్లకు బోరునీళ్ళతో వండి పెడితే, ఇంట్లో అందరికంటే చిన్న ప్రాణానికే అందరికంటే ఎక్కువ అన్యాయం చేసినట్టవుతుంది. తల్లికి తెలియక జరుగుతున్న అన్యాయం ఇది. తెలిసిన సర్కారు చెయ్యనిస్తున్న అన్యాయం.

లెక్క వేసి చూద్దాం, పలకా బలపం చాలు. లీటరు నీళ్ళలో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు అనుకుందాం. ఇది మన దిక్కున పెద్ద విశేషమేమీ కాదు, ఇంతకు రెట్టింపు ఉన్న బోర్లు కూడా చూసినం. పది కిలోల బరువున్న రెండేండ్ల పిల్ల. కిలో బరువుకు రోజుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని పోషకాహార శాస్త్రవేత్తలు పెట్టుకున్న గీత. అంటే ఈ పిల్లకు రోజు మొత్తంలో ఒక మిల్లీగ్రాము. ఇప్పుడు వంట. బియ్యం ఉడికితే తన బరువుకు రెండింతల నీళ్ళు పీలుస్తుంది. 90 గ్రాముల బియ్యానికి 180 మిల్లీలీటర్ల నీళ్ళు, అందులో 0.54 మిల్లీగ్రాము. పప్పు, చారు కలిపి 150 మిల్లీలీటర్లు, 0.45. పొద్దున ఒక గిన్నె జావ, ఇంకో 0.45. సగం గ్లాసు చాయ్ నీళ్ళల్లో 0.15, తేయాకులోనే సహజంగా ఫ్లోరైడ్ ఉంటుంది కనుక దాన్నుంచి ఇంకో 0.1 వేసుకోండి. మొత్తం 1.69 మిల్లీగ్రాములు. గీత ఒకటి దగ్గర ఉంది. ఈ పిల్ల ఒక్క చుక్క బోరునీళ్ళు గ్లాసుతో తాగలేదు సుమా! తాగినదంతా క్యాను నీళ్ళే.

అధికారులు ఏమంటారంటే 'మీ ఊరి నీళ్ళు పరిమితిలోనే ఉన్నయ్' అంటారు. ఏ పరిమితి? మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా సహించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది కూడా 1.5. ఆ సంస్థే ఇంకో మాట కూడా చెప్పింది. ఎండలెంత, జనం నీళ్ళెన్ని తాగుతారు, తిండిలో నుంచి ఎంత వస్తుంది, ఇవి చూసుకుని ఏ దేశానికా దేశం గీత గీసుకోవాలన్నది. ఆ మాట మన ఆఫీసుల్లో ఎవరూ చదివినట్టు లేదు. పైన వేసిన లెక్కనే 1.5 నీళ్ళతో మళ్ళీ వెయ్యండి. వంటలోనుంచి 0.9 దాకా వస్తుంది. అవే నీళ్ళు అర లీటరు తాగితే ఇంకో 0.75. మొత్తం ఒకటిన్నర దాటింది. అంటే 'సహించదగిన' నీళ్ళు రెండేండ్ల పిల్ల సహించదగినవి కావు.

వయసు గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. పెద్దల ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌లో దాదాపు సగం మూత్రంలో బయటికి పోతుంది. ఎముక పెరుగుతున్న పసిపిల్లల్లో 80 శాతం దాకా ఎముకలోను, పంటిలోను నిలిచిపోతుంది. ముందు పళ్ళ మీది పింగాణీ పుట్టిన కొద్ది నెలలకే చిగురు లోపల తయారవడం మొదలవుతుంది. రెండో ఏడు, మూడో ఏడు దానికి చాలా నాజూకు కాలం. ఆ పళ్ళు బయటికి వచ్చేది ఆరో ఏడు, ఏడో ఏడు. అప్పటికి బిడ్డ బడిలో ఉంటుంది. రెండో తరగతిలో, మూడో తరగతిలో పిల్లలు నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకోవడం చూస్తున్నాం. ఆ గోధుమరంగు చారలు ఆ సంవత్సరం పడ్డవి కావు. ఉయ్యాలలో ఉన్నప్పుడు పడ్డవి. పాలపళ్ళ మీద అంతగా కనపడవు కాబట్టి తల్లికి అప్పుడు తెలిసే దారి లేదు. మెడికల్ క్యాంపులన్నీ బడికి వస్తాయి, పళ్ళు చూసి రాసుకుని పోతాయి. జరగవలసింది జరిగిపోయినంక చేసే పంచనామా అది. తోమితే పోదు, మందుకు పోదు. పెళ్ళిచూపుల్లో ఆడపిల్లను నోరు తెరవమన్నప్పుడు ఆ చారల లెక్క మళ్ళీ తేలుతుంది.

మరి పుట్టిన బిడ్డను కాపాడేదేమిటి? ప్రకృతి ఒక ఏర్పాటు చేసింది. తల్లి ఎంత ఫ్లోరైడ్ నీళ్ళు తాగినా చనుబాలలోకి అది దాదాపు రాదు. లీటరుకు నూరో వంతు మిల్లీగ్రాము, అటూ ఇటూగా. అదే 4 మిల్లీగ్రాముల బోరునీళ్ళతో డబ్బాపాలు కలిపితే బిడ్డకు నీళ్ళ నుంచే 400 రెట్లు పోతుంది. ఆరు నెలలు తల్లిపాలే పట్టమని పోస్టర్లు వేస్తారు. బాగుంది. పత్తి ఏరడానికి, నాట్లకు కైకిలి పోయే తల్లి ఆరు నెలలు ఇంట్లో ఎట్ల కూర్చుంటది? కాన్పయిన రెండో నెలకే చేనుకు పోతే, ఇంటికాడ ముసలమ్మ బిడ్డకు ఏం పట్టాలె? గంజి, చక్కెర నీళ్ళు, డబ్బాపాలు, అన్నీ బోరునీళ్ళే. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణులకు ఆరు వేలకు తక్కువ కాకుండా ఇవ్వాలన్నది. ఆరు వేలతో ఆరు నెలల కూలి పూడుతుందా? ఉద్యోగం చేసే ఆడవాళ్ళకు జీతంతో కూడిన ఆరు నెలల సెలవు ఉంది, అది హక్కు. చేలో చేసే ఆడవాళ్ళ బిడ్డలకు ఎముకలు లేవా? చనుబాలు విషానికి అడ్డుగోడ అని తెలిసిన జిల్లాలలోనన్నా ఈ సంగతి వేరుగా ఆలోచించాలి. ఇది కూలిరేటు సమస్య, ఆడవాళ్ళ సమస్య, దళిత సమస్య కూడా. కేవలం ఆరోగ్యశాఖ సమస్య కాదు.

ఏడో నెల నుంచి మూడేండ్ల దాకా అంగన్‌వాడీలో బాలామృతం ఇస్తారు. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె. మంచి తిండే, మనం వద్దనేది లేదు. కానీ అది పొడి. దాన్ని తినిపించాలంటే నీళ్ళు కలపాలె. సర్కారు పొడి పంపింది, నీళ్ళను ఇంటికి వదిలేసింది. ప్యాకెట్ మీద ఎంత కలపాలో ఉంటుంది, ఏ నీళ్ళు కలపాలో ఎవరు చెప్పారు? అంగన్‌వాడీలో మూడు నుంచి ఆరేండ్ల వాళ్ళకు వండిపెట్టే అన్నం, గర్భిణులకు, బాలింతలకు పెట్టే భోజనం, బడిలో మధ్యాహ్న భోజనం, అన్నిటి సంగతీ ఇదే. 2001లో సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టాలన్నది. 2004లో వంట పనిలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలన్నది. ఈ రెండు తీర్పుల కోసం ఎన్ని ఊళ్ళలో ఎన్ని కొట్లాటలైనయో మనకు తెలుసు. దళిత స్త్రీ వండితే మా పిల్లలు తినరని గిన్నెలు పారబోసినవాళ్ళు ఆ గిన్నెలోని నీళ్ళ గురించి మాత్రం ఒక్క రోజూ అడగలేదు. వండే చేతిలో అంటు వెతికారు, నీళ్ళలో విషం వెతకలేదు.

ఒక హెచ్చరిక. వంట నీళ్ళ గురించి ఈ ప్రచారం మొదలు పెట్టగానే నింద మొదట ఎవరిమీద పడుతుందో చెప్పనవసరం లేదు. ఆయా మీద, వంటమ్మ మీద. 'నువ్వెందుకు బోరునీళ్ళు పోసినవ్?' అని. నల్లా వంటగదిలోకి రాకపోతే, ఊరి నడుమ నుంచి నాలుగు బిందెలు మోసుకొచ్చే ఓపిక ఆమెకు ఎవరిస్తరు? మన కార్యకర్తలు ఆమె పక్కన నిలబడి అడగాలె గాని, ఆమెను నిలదీయొద్దు.

ఈ విషం చరిత్ర కూడా మనవాళ్ళకు తెలియాలి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి 1937లో రాసింది తెలుగు నేల మీదనే. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ, నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం జిల్లాలోకి వచ్చిన దర్శి, పొదిలి ప్రాంతం. షార్ట్ అనే ఇంగ్లీషు డాక్టరు, ఆయన తోటివాళ్ళు రాశారు. అంతకుముందే ఎద్దులు నడవలేక కూలబడుతున్నయని రైతులు గమనించారంటారు. నిజమే అయి ఉంటుంది. ఎద్దు కాళ్ళు ఈడిస్తే సేద్యం ఆగుతుంది కాబట్టి కంటికి కనపడుతుంది. ఆ ఎద్దు వెనక నడిచే జీతగాడి నడుము వంగితే ఇంకో జీతగాడు దొరుకుతాడు.

అదే ప్రకాశం జిల్లా కారంచేడులో, 1985 జులైలో, మాదిగలు తాగే చెరువులో బర్రెలకు పెట్టిన కుడితి బకెట్లు కడుగుతుంటే ఇదేమని అడిగినందుకు, కొట్టబోయినవాళ్ళ మీద సువార్త బిందె ఎత్తినందుకు, జులై 17న ఆరుగురు దళితులను చంపారు. దళిత మహాసభ పుట్టింది ఆ నెత్తుటిలోనుంచి. అంతకు ముందు 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగాడు. మన రాజకీయం నీళ్ళ దగ్గరే మొదలైందని ఊరికే అనడం లేదు. కారంచేడులో నీళ్ళు పాడవుతున్నది కండ్లకు కనపడింది, కాబట్టి అడిగినం. బోరింగులో వచ్చేది కనపడదు, కాబట్టి అడగలేదు.

బోరింగు మన వాడకు ఎట్ల వచ్చిందో కూడా గుర్తు చేసుకుందాం. ఊరి చేదబావిలో మనల్ని చెయ్యి పెట్టనియ్యలేదు. బావిలో చోటు ఇప్పించే బదులు సర్కారు మనకు వేరే బోరు వేయించి, అంటరానితనం గొడవ లేకుండా సర్దుబాటు చేసింది. మనమూ సంతోషపడ్డాం, ఎవడి దయా లేకుండా కొట్టుకునే నీళ్ళు గదా! పైపొరల్లోని బావినీళ్ళు ఏటేటా వానతో కొత్తవవుతాయి. లోతు రాతిపొరల్లో నీళ్ళు ఏండ్ల తరబడి నల్లరాయితో రాసుకుంటూ ఉండి, సున్నపు గుణం తగ్గి, ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటాయి. అన్ని బోర్లూ ఒకటి కాదు, పక్కపక్క బోర్లకే తేడా ఉంటుంది. కానీ వానలు లేక బోరు లోతుకు పోయిన కొద్దీ చాలాచోట్ల విషం పెరిగింది. అంటరానితనానికి విరుగుడుగా ఇచ్చిన బోరు, ఎముకల్లోకి దిగింది.

నల్లగొండలో ఇంకో కథ. నాగార్జునసాగర్ 1967లో నీళ్ళు వదిలింది. 1973 నాటికి హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఒక కొత్త వంకరను రికార్డు చేశారు. పిల్లల్లో, యువకుల్లో మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకునేట్టు కాళ్ళు లోపలికి వంగిపోవడం. వాళ్ళు చెప్పిన కారణమేమంటే, డ్యాము ఊటతో భూమిలో నీటిమట్టం పెరిగింది, నేల గుణం మారింది, ఆ నేలలో పండిన జొన్నల్లో మాలిబ్డినం అనే లోహం ఎక్కువైంది, అది ఒంట్లోని రాగిని బయటికి తోసింది, దానికి ఫ్లోరైడ్ తోడై ఎముక మెత్తబడింది. బియ్యం తినేవాళ్ళకంటే జొన్న తినేవాళ్ళ ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తుందని కూడా తేల్చారు. పరిశోధన మీద మాకు గౌరవమే. కానీ దాన్ని పట్టుకుని 'మీరు జొన్నలు తింటరు గాబట్టి మీకు కాళ్ళు వంకర' అని చెప్పే పెద్దమనుషులను చూసినం. పేదవాడి రోగానికి పేదవాడి తిండే కారణమని చెప్పడం వాళ్ళకు ఎంత సులువు! జొన్న అనాదిగా మన తిండి. మారింది నేల, మారింది నీళ్ళు. ఆ నీళ్ళు కాలువలో పోయింది వేరేవాళ్ళ చేలకు. మునుగోడు, దేవరకొండ మెట్టలకు మిగిలింది బోరు. ఆ కోపంతోనే గదా 1996 లోక్‌సభ ఎన్నికలో నల్లగొండలో 480 మంది పోటీలో నిలబడి బ్యాలెట్ కాగితాన్ని పుస్తకం చేసింది!

తిండి విషయంలో చెయ్యగలిగింది కూడా ఉంది, అయితే దాన్ని నీళ్ళకు బదులుగా చెప్పకూడదు. కడుపులో సున్నం, అంటే కాల్షియం, తగినంత ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఒంటికి అంటకుండా కొంత బయటికి పంపుతుంది. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, మునగాకు, తోటకూర, వీటిలో అది ఉంది. ఉసిరి, జామ, నిమ్మ కూడా మంచివి. చింతపండు మీద మన జాతీయ పోషకాహార సంస్థే 2002లో ఒక ఫలితం ప్రకటించింది. ఫ్లోరైడ్ ప్రాంతపు బడిపిల్లలు కొద్దిమందికి రోజుకు 10 గ్రాములు తిండితో పెడితే మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది. మన పచ్చిపులుసును ఎగతాళి చేసేవాళ్ళకు ఈ మాట చెప్పండి. అయితే బోరునీళ్ళతో పచ్చిపులుసు కలిపి విషం పోయిందనుకోవద్దు, ఒక చేత్తో పోసి ఒక చేత్తో తీసినట్టుంటది.

తిండిలేని పిల్లలకే ఈ రోగం ముందు, ఎక్కువ వస్తుంది. ఒకే బోరు నీళ్ళు తాగిన ఇద్దరు పిల్లల్లో పాలు తాగేవాడి కాళ్ళు నిలబడతాయి, లేనివాడివి వంగుతాయి. అంగన్‌వాడీలో గుడ్డు, పాలు రోజూ సరిగ్గా అందడం ఫ్లోరైడ్ పోరాటంలో భాగమని అనుకోవాలె. గుడ్డు తింటే పాపమనేవాళ్ళు, ఎద్దుకూర తిన్నవాడిని కొట్టిచంపేవాళ్ళు ఈ దేశంలో పెరుగుతున్నారు. ఆ మాంసకృత్తులు మన పిల్లల ఎముకకు ఏం చేస్తాయో వాళ్ళకు పట్టదు.

చిన్నచిన్నవి మూడు చెప్పి ముందుకు పోదాం. మూడేండ్ల లోపు పిల్లలకు చాయ్ అలవాటు చెయ్యొద్దు. నల్ల ఉప్పులో ఫ్లోరైడ్ ఎక్కువ, పిల్లల తిండిలో వెయ్యొద్దు. ఫ్లోరైడ్ కలిపిన టూత్‌పేస్టు గ్రాముకు ఒక మిల్లీగ్రాము దాకా ఉంటుంది, చిన్నపిల్లలకు ఉమ్మడం రాదు, మింగుతారు. బోరునీళ్ళ ఊళ్ళలో వాళ్ళకు ఆ పేస్టు అక్కర్లేదు.

ఇంకో మాట జాగ్రత్తగా చెప్పాలి. 2024 ఆగస్టులో అమెరికా ప్రభుత్వపు విషపదార్థాల పరిశోధన సంస్థ ఒక పెద్ద నివేదిక వేసింది. నీళ్ళలో ఫ్లోరైడ్ 1.5 దాటిన చోట్ల పిల్లల తెలివి పరీక్షల్లో మార్కులు తగ్గుతున్నట్టు చాలా అధ్యయనాలు చూపుతున్నాయని, దీన్ని ఒక మోస్తరు నమ్మకంతో చెప్పవచ్చని అన్నది. ఇది గుంపుల సగటు లెక్క, ఒక్కొక్క పిల్లవాడి నుదుటి రాత కాదు. మా టీచర్లలో కొందరు రేపు ఈ ముక్క పట్టుకుని 'ఈ వాడ పిల్లలకు నీళ్ళతోనే బుర్ర పోయింది, చెప్పి లాభం లేదు' అంటారని మా భయం. నిన్నటిదాకా పుట్టుకతో మొద్దులన్నారు, రేపు నీళ్ళతో మొద్దులంటారు. ఆ మాట అన్నవాళ్ళకు బడిలోనే జవాబు చెప్పాలి. మనం ఆ నివేదికను వాడవలసింది కలెక్టరాఫీసు ముందు.

పరిష్కారాల పేరుతో చూసినవి తక్కువేం కాదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని నాగపూర్ 'నీరి' సంస్థ 1970లలో తయారు చేసి మన జిల్లా పేరే పెట్టింది, నల్లగొండ పద్ధతి అని. 1980లో అనంతపురం జిల్లా కదిరిలో ఊరుమ్మడి ప్లాంటు పెట్టారు. పేరు ఆఫ్రికా దాకా పోయింది. మన ఊళ్ళలో పెట్టినవి మూలబడి తుప్పు పట్టినయ్. దాన్ని ఇంట్లో అందాజాగా చెయ్యొద్దు, పటిక ఎక్కువైతే అదో కొత్త సమస్య. తర్వాత ఆర్వో ప్లాంట్లు వచ్చినయ్. నీళ్ళు శుభ్రమే, కాని డబ్బున్నోడికి వంటకు కూడా, లేనోడికి తాగడానికి మాత్రమే. పైగా అది వదిలే చెడునీళ్ళలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది. ఆ కాలువ ఏ వాడ పక్కన పారుతుందో మీ ఊళ్ళో మీరే చూసుకోండి.

మరి ఏం అడగాలి? కేంద్రం 2019లో మొదలుపెట్టిన జల్ జీవన్ మిషన్ నిబంధనల్లోనే ఉంది, ఫ్లోరైడ్ ఊళ్ళకు పైపు వచ్చేలోగా మనిషికి రోజుకు 8 నుంచి 10 లీటర్ల మంచినీళ్ళు 'తాగడానికి, వంటకు' ఇవ్వాలని. వంటకు అని వాళ్ళే రాసుకున్నారు. ఐదుగురున్న ఇంటికి 40 నుంచి 50 లీటర్లు, అంటే రోజుకు రెండు క్యాన్లకు పైన. కొనుక్కోమంటే ఎవరు కొంటరు? పైపు చెడిపోయిన రోజు, మోటరు కాలిన రోజు, ఓవర్‌హెడ్ ట్యాంకులో గుట్టుగా బోరునీళ్ళు కలిపి వదిలే రోజు, ఈ లెక్క ప్రకారం నీళ్ళు వాడకు చేర్చే బాధ్యత పంచాయతీది, ఆర్.డబ్ల్యు.ఎస్. ఆఫీసుది.

అన్నిటికంటే ముందు అంగన్‌వాడీ, బడి. వంటగది లోపలికి భగీరథ నల్లా రావాలె. పైపు ఆగిన రోజుకు సరిపడా మంచినీళ్ళ ట్యాంకు ఉండాలె. బాలామృతం తీసుకునే ప్రతి తల్లికీ రోజుకు రెండు లీటర్ల మంచినీళ్ళు సెంటర్ నుంచే తీసుకుపోయే వీలుండాలె. వంటకు వాడే ప్రతి నీటివనరు పరీక్ష ఫలితాన్ని, తేదీతో సహా, గోడ మీద తెలుగులో రాయాలె. మెనూ గోడ మీద రాస్తున్నారు, ముఖ్యమంత్రి బొమ్మ గోడ మీద వేస్తున్నారు, ఒక అంకె రాయడానికి సున్నం తక్కువైందా? ఎస్సీల నిధికి ఆంధ్రలో 2013 చట్టం ఉంది, తెలంగాణలో 2017 చట్టం ఉంది. రోడ్లకు, విగ్రహాలకు మళ్ళే ఆ డబ్బుల్లో వాడ పైపులైను చివరి వంద గజాలు లేవా?

పరీక్ష చేయించడం కష్టమేమీ కాదు. ప్లాస్టిక్ సీసాను అదే నీళ్ళతో మూడుసార్లు కడిగి, బోరును కొద్దిసేపు కొట్టి వదిలేసి, తర్వాత లీటరు పట్టండి. గాజు సీసా వద్దు. సీసా మీద ఊరు, వాడ, తేదీ, 'వంటకు వాడేది' అని రాసి ఆర్.డబ్ల్యు.ఎస్. ల్యాబుకు ఇవ్వండి, రశీదు తీసుకోండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో ఐదు రూపాయలు, జిల్లాలో పది. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలె.

వచ్చే పున్నమి లోపు ప్రతి గ్రామ కమిటీ మూడు చోట్లు చూడాలని కోరుతున్నాం. అంగన్‌వాడీ వంట నీళ్ళు, బడి వంట నీళ్ళు, వాడలో ఎక్కువ ఇండ్లు ఎసరుకు వాడే బోరు. ఒక్కోదాని అంకె, పరీక్ష తేదీ, ఆ రోజు పైపు వచ్చిందా లేదా, వాడ చివరి ఇంటికి ఎక్కిందా లేదా, ఒక పోస్టుకార్డు మీద రాసి పంపండి. పిల్లల పేర్లు వద్దు. వచ్చిన అంకెలను ఊరి పేర్లతో ఈ పత్రికలో వరసగా అచ్చు వేస్తాం. ఆ కాగితాలన్నీ కలిపి ఒక కట్టగా కలెక్టరు ముందు పెడతాం.